రెండు మడతల గుడ్డ

ఇరవై ఆరేళ్లుగా ఒక గుడ్డముక్క బరువు మోస్తున్నాను. నవ్వకండి. మూరెడు పాత పంచె గుడ్డ, రెండు మడతలు పెట్టి కడవ మూతికి కట్టేది. చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. అయినా ఇన్నేళ్లూ నన్ను నిటారుగా నిలబడనివ్వలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకైతే మొహం చూస్తూ చెప్పాలి, మొహం చూస్తే మాట మెత్తబడుతుంది. నాకు మెత్తబడటం ఇష్టం లేదు. క్షమించమని అడగడానికి కూర్చోలేదు నేను. జరిగింది జరిగినట్టు పెడతాను, తిట్టాలనిపిస్తే తిట్టుకోండి. నా పేరు రాయను, ఊరి పేరు కూడా రాయను. కోడుమూరు చుట్టుపక్కల నల్లరేగడి చేల మధ్య ఒక ఊరు అనుకోండి, చాలు.

నేను మంగలిని. గడ్డాలు గీయడం మా కులంలో అందరికీ వచ్చు. మా ఇంటికి పేరు వచ్చింది మాత్రం నారికురుపు వల్ల. ఈ కాలం పిల్లలకు చెబితే తెలియకపోవచ్చు గాని, మా ఎండు సీమలో అది లేని వేసవి లేదు. ముందు కాలి మీద ఒక బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ చితికాక లోపల తెల్లటి దారం కొస కనబడుతుంది. దారం కాదు, పురుగు. సన్నగా ఉంటుంది, రెండు మూరల పొడవుంటుంది. దాన్ని తీయడమే మా పని.

ఎలా తీస్తారో చెబుతాను. ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు, పైగా చెప్పుకోవాలని నాకూ ఉంది. కొస బయటికి రాగానే చీపురుపుల్లకు చుట్టాలి. చుట్టి, రోజుకు రెండు వేళ్ల వెడల్పు మాత్రమే తిప్పాలి. పురుగు బిగిసిందని వేలికి తెలియగానే ఆపెయ్యాలి. పుల్లను కాలికే కట్టి, ఆముదం రాసి, మళ్లీ మర్నాడు. ఇలా రెండు మూడు వారాలు. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే లోపలి ముక్క కుళ్లి కాలంతా చీము పడుతుంది, మనిషి మంచాన పడతాడు, కొందరు లేవరు. మా నాయన చేతిలో ఒక్క పురుగు తెగలేదు. నా చేతిలోనూ తెగలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని గురించే ఈ రాతంతా.

ఇంకొకటి ఉంది. పురుగు మొండికేసి లోపలే ఉంటే దాన్ని రప్పించడానికి మా ఇంట్లో ఒక పద్ధతి. రోగిని ఊరి దిగుడుబావికి తీసుకెళ్లి, నీళ్లు తగిలే మెట్టు మీద కూర్చోబెట్టి, కాలు నీళ్లలో పెట్టించేవాళ్లం. చల్లదనానికి మంట చల్లారుతుంది, రోగి అమ్మయ్య అని కళ్లు మూసుకుంటాడు, పురుగు నెమ్మదిగా తల బయటపెడుతుంది. పాలలాంటి తెల్లటి నీరు పుండులోంచి వచ్చి బావి నీళ్లలో కలుస్తుంది. విషం పోతోందని మా నాయన చెప్పేవాడు. నేనూ అదే చెప్పేవాణ్ణి. పక్క మెట్టు మీద ఆడవాళ్లు మోకాటి లోతు దిగి కడవలు ముంచుకుంటూ ఉండేవాళ్లు. మా ఊరికి అదొక్కటే తాగే నీరు.

ఒక్కటని ఎందుకన్నాను? ఊరి అవతల పాళెంలో ఇంకో బావి ఉంది. పాళెంలో వాళ్లంతా వేదం పుచ్చుకుని కిరస్తానీలైన కూలీ జనం. వాళ్లను మా దిగుడుబావి మెట్టు తొక్కనిచ్చేవాళ్లం కాదు. ఎండాకాలం వాళ్లు పడే బాధ చూసి మిషన్ వాళ్లు అక్కడొక చేదబావి తవ్వించారు. చుట్టూ రాతి గోడ, పైన గిలక. అందులో ఎవరూ దిగడానికి లేదు. పాళెంలో నారికురుపు తీయడానికి నన్ను ఒక్కసారి కూడా ఎవరూ పిలవలేదు. పిలిచినా నేను పోను కాబట్టి పిలవలేదనుకున్నాను. అక్కడ ఆ జబ్బే లేదన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా దాన్ని లోపలికి రానిచ్చేవాణ్ణా? ఏమో.

ఆ పాళెంలో పుట్టినవాడే దానియేలు. వాళ్ల నాయన రెడ్డిగారి చేలో కూలి. ఆయన గడ్డం మా ఇంట్లో ఎవరూ గీయలేదు, గీయరు కూడా. ఆ కొడుకు మిషన్ బడిలో చదివి, ఎక్కడెక్కడో తిరిగి, డాక్టరై వచ్చాడు. మా ఊరికి రెండు మైళ్లలో ఉన్న సర్కారు డిస్పెన్సరీకే వేశారు. వచ్చిన పది రోజులకు నాకు కబురు పెట్టాడు. పోకూడదనుకున్నాను. పోయాను. ఎందుకు పోయానంటే, డాక్టరు నన్ను పిలిచాడని ఊళ్లో చెప్పుకోవచ్చని. నిజం ఒప్పుకోవడానికే కూర్చున్నాను కదా, ఇది కూడా ఒప్పుకుంటాను.

మధ్యాహ్నం డిస్పెన్సరీ వసారాలో కూర్చోబెట్టాడు. కుర్చీ వేయించాడు. నన్ను అన్నా అని పిలిచాడు. అది కూడా గుచ్చుకుంది నాకు. తిరిగి నేనేమని పిలవాలి? నువ్వు అనడానికి నోరు రాలేదు, మీరు అనడానికి మనసు రాలేదు. ఆ రోజంతా ఏ పిలుపూ లేకుండా గోడకు చెప్పినట్టు మాట్లాడాను.

ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. మనిషి ఒంట్లో చేరి బతికే పురుగులన్నిటి గురించి రాసిన వైద్యగ్రంథమట. పేగుల్లో ఉండేవి, నెత్తురులో ఉండేవి, కాలేయంలో గూడు కట్టుకునేవి, ప్రతిదానికీ బొమ్మ. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆపాడు. చీపురుపుల్లకు చుట్టిన నారిపురుగు! ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాడు మా నాయన పని బొమ్మ వేశాడు. చుట్టు మాత్రం తప్పు, మరీ వదులుగా వేశాడు, అలా చుడితే రాత్రికే జారిపోతుంది. ఆ మాట దానియేలుతో అంటే పెద్దగా నవ్వి, పెన్సిలుతో ఆ బొమ్మ పక్కన ఏదో రాసుకున్నాడు. అప్పుడు నాకు ఆ పుస్తకం మీద ప్రేమ పుట్టింది. దాచను, పుట్టింది.

తర్వాత ఇంకో బొమ్మ చూపించాడు. మెట్టు మీద ఒకడు నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. వాడి కాల్లోంచి సన్నటి చుక్కలు నీళ్లలోకి. నీళ్లలో కంటికి ఆనీ ఆనని ఒక చిన్న పురుగు ఆ చుక్కల్ని మింగుతోంది. పక్కన ఒకడు ఆ నీళ్లు దోసిట తాగుతున్నాడు. ఏడాది తిరిగేసరికి వాడి కాలి మీద బొబ్బ. దానియేలు ఒక్కొక్కటే వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. ఆ తెల్లటి నీరు విషం కాదు, పురుగు పెట్టే పిల్లలు. నీళ్లు తగలగానే లక్షల్లో వదులుతుంది. నీళ్లు తగలాలనే అది మంట పుట్టిస్తుంది.

నమ్మనని చెప్పాను. అతను వాదించలేదు. మా దిగుడుబావి నీళ్లు ముందే తెప్పించి పెట్టుకున్నాడు. గాజు గ్లాసులో పోసి ఎండకు ఎత్తి పట్టి నా చేతికిచ్చాడు. చూశాను. తెల్లటి నలకలు. నలకలైతే నెమ్మదిగా కిందికి దిగాలి కదా? ఇవి ఎగిరెగిరి పడుతున్నాయి. పుట్టినప్పటి నుంచి నేను తాగిన నీళ్లు అవి. తర్వాత పంచె చెంగు రెండు మడతలు పెట్టి ఆ నీళ్లు ఇంకో గ్లాసులోకి వడకట్టాడు. మళ్లీ ఎండకు పట్టాడు. ఒక్కటి కూడా లేదు.

"మా పాళెంలో ఒక్కరికన్నా ఉండాదా అన్నా ఈ జబ్బు?" అని అడిగాడు.

నేను లేచి వచ్చేశాను. దారిలో రెండు మైళ్లూ ఏం ఆలోచించానో చెప్పనా? పుస్తకం నిజమని నాకు తెలుసు. వేళ్లతో పనిచేసేవాడికి నిజం తగిలితే తెలుస్తుంది. కానీ అది నిజమైతే మా నాయన ఎవరు? నలభై ఏళ్లు మనుషుల కాళ్లలోంచి పురుగులు తీసి, అదే చేత్తో బావి నిండా పురుగులు నాటినవాడు. నేనెవరు? ఆ నాటు మానకుండా వేస్తున్నవాణ్ణి. ఊరంతా చేతులెత్తి దండం పెట్టే మా ఇల్లు ఏమిటి? ఇదంతా నాకు ఎవరు చెప్పారు? నేను గడ్డం గీయని మనిషి కొడుకు. మా నాయన పురుగుతో సమానమని చెప్పడానికి వాడికే దొరికిందా పుస్తకం? ఇలా అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టే రాస్తున్నాను, ఇప్పుడు నాకు అది ఇంపుగా లేకపోయినా సరే.

నాలుగు రోజులకు దానియేలు మా ఊరి చావడికి వచ్చాడు. రెడ్డిగారు, పెద్దలు, రైతులు అందరూ కూర్చున్నారు. అతను అరుగు కింద నిలబడి మాట్లాడాడు, ఎవరూ ఎక్కమనలేదు. బావి మెట్లు మూసి గోడ కట్టి గిలక పెట్టుకోండి, అది వీలు కాకుంటే నీళ్లు గుడ్డతో వడకట్టుకుని తాగండి, కురుపు ఉన్నవాళ్లను బావిలో దిగనివ్వద్దు, ఇంతే అతను అడిగింది. తన సొంత మాట కాదని చూపించడానికి పుస్తకం తెరిచి ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెబుతూ పోయాడు. అక్కడే పాడైంది. ఆ పుటలో, ఈ దేశపు మంగళ్లు మొరటుగా లాగి పురుగును తెంపుతారనీ దానివల్లే కాళ్లు పోతున్నాయనీ ఒక మాట ఉంది. అది కూడా చదివేశాడు. చదివాక నా వైపు చూశాడు. దాటవేసి ఉండాల్సిందని అప్పుడు అర్థమైనట్టుంది అతనికి.

చావడి అంతా నవ్వింది. మనోడు దొరల బుక్కులోకి ఎక్కినాడని ఎవరో అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. నేను తెంపానా? ఎవరి కాల్లో తెంపాను? ఎవరు చూశారు? చుట్టు వేయడం చేతకానివాడు బొమ్మ గీసి, నా గురించి రాస్తాడా? చూడండి, ఇప్పటికీ ఇది రాస్తుంటే నా చెయ్యి వేగంగా పోతోంది. ఆ వాక్యం అబద్ధం. ఆ పుస్తకం మొత్తంలో అబద్ధమైన వాక్యం అదొక్కటే అయి ఉండొచ్చు. నేను దాన్ని పట్టుకుని మిగతాదంతా అబద్ధం చేశాను.

రెడ్డిగారు నా వైపు తిరిగి, "ఏమప్పా, పురుగుల సంగతి నీకు తెలిసినంత ఎవురికి తెలుసు? నువ్వు చెప్పు, ఇది నిజమేనా?" అన్నారు.

ఊరంతా నా నోటి వైపు చూసింది. దానియేలు కూడా చూశాడు. అతని చూపులో భయం లేదు, నమ్మకం ఉంది. గ్లాసు నా చేత్తో పట్టుకుని చూశాను కదా, నిజం చెబుతానని అనుకున్నాడు. నేను చావడి దిగి, బావి దగ్గరికి నడిచాను. జనమంతా నా వెనకే వచ్చారు. అరవై మెట్లు దిగి, నీళ్లలో నిలబడి, మూడు దోసిళ్లు తాగాను. పైకి చూసి, "మా తాతల కాడ్నుంచి ఇవే నీళ్లు. ఈట్లో పురుగుంటే నా ఒంట్లోనే పుట్టనీ" అని అరిచాను. ఈలలు వేశారు. చప్పట్లు కొట్టారు. దానియేలు పుస్తకం చంకలో పెట్టుకుని పాళెం దారిన వెళ్లిపోయాడు. ఆ ఏడే బదిలీ అడిగి పోయాడని విన్నాను.

అదే రోజు సాయంత్రం ఇంటికి వచ్చి నా పాత పంచె చింపాను. రెండు మడతలు పెట్టి కడవ మూతికి కట్టాను. ఇకనుంచి నీళ్లు ఇందులోంచే పొయ్యాలని నా పెండ్లాంతో చెప్పాను. ఎందుకని అడిగితే చీమలు పడుతున్నాయన్నాను. బయట ఆరేయొద్దని, పొయ్యి వెనక ఆరేసుకోమని కూడా చెప్పాను. ఆమె నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

మళ్లీ చదవండి ఆ పేరా. నా తప్పంతా అందులోనే ఉంది. కోపంలో అబద్ధం ఆడినవాణ్ణి క్షమించే మనుషులున్నారు. నమ్మక అడ్డం తిరిగినవాణ్ణీ క్షమిస్తారు. నేను నమ్మాను. నా ఇంటి వరకు నమ్మాను. ఊరికి మాత్రం నమ్మొద్దని తాగి చూపించాను.

ఏడాది తిరిగింది. నా ఎడమ చీలమండ మీద బొబ్బ లేచింది. అంతకుముందు తాగిన నీళ్లదో, ఆ మూడు దోసిళ్లదో ఎవరు చెప్పగలరు? నాకు మాత్రం ఆ మూడు దోసిళ్లదే అనిపించింది. ముల్లు గుచ్చుకుందని కాలికి గుడ్డ చుట్టి, కుంటుకుంటూనే పనికి పోయాను. ఇంట్లో తలుపు వేసుకుని నా పురుగు నేనే తీసుకున్నాను. పద్దెనిమిది రోజులు. తెగలేదు. దాన్ని పారేయలేదు, పుల్లతో సహా ఎండబెట్టి నా పెట్టెలో పెట్టుకున్నాను. ఎందుకు దాచానో అప్పుడు నాకు తెలియదు. నా పనితనానికి గుర్తుగానేమో అనుకున్నాను.

ఊళ్లో ఏమైంది? మూడు దోసిళ్లు తాగినవాడికి ఏమీ కాలేదు, డాక్టరు చెప్పింది గాలిమాట అని తేల్చేశారు. రెండో ఏడు నుంచి మా ఇంట్లో ఎవరికీ బొబ్బ లేవలేదు. అది నా చేతి మహిమ అన్నారు. చంటిపిల్లల్ని తెచ్చి నా చేత్తో కాళ్లు తడమమన్నారు. తడిమాను. అంతేనా? రోగుల్ని ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చోబెట్టాను. ఆ పద్ధతి మానితే ఎందుకు మానావని అడుగుతారు కదా? కాలు నీళ్లలో పెట్టించి, పాలలాంటి నీరు కలుస్తుంటే పక్కన నిలబడి చూశాను. విషం పోతోందని చెప్పాను. ఇదివరకు తెలియక అన్న మాట, ఇప్పుడు తెలిసి అన్నాను. మాట అదే. అనే మనిషి మారాడు.

మా అక్క ఇల్లు మా ఇంటికి మూడిళ్ల అవతల. మేనమామకే ఇచ్చారు ఆమెను, అందుకని ఊళ్లోనే ఉండిపోయింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నాకు అక్షరాలు రావడానికి కూడా ఆమే కారణం. వైద్యం రాసిన మా నాయన కాగితాలు ఎవరో ఒకరు చదవాలి కదా అని పోరుపెట్టి నన్ను బడికి పంపింది. ఆమెకైనా చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. అక్కకు నోరు ఆగదు. ఆమెకు చెబితే పొద్దు గూకేలోగా ఊరికి తెలుస్తుంది. అందుకని చెప్పలేదు. నీళ్లకని వస్తే మా ఇంటి కడవలోవి ఇచ్చాను. తన ఇంటికి పోతే తన కడవలోవి తాగింది.

మూడో వేసవిలో ఆమెకు మోకాటిలో వచ్చింది. అన్నిటికంటే కష్టమైన చోటు అది, కీలులో చుట్టుకుని ఉంటుంది. ముందటి వేసవిలో నేను మెట్ల మీద కూర్చోబెట్టిన కాళ్లలో ఏ కాలిదో ఆ పురుగు తల్లి. అది నాకు తెలుసు, నా ఒక్కడికే తెలుసు. రోజూ పోయి కూర్చుని చుట్టేవాణ్ణి. రెండు వేళ్లు కూడా కాదు, ఒక్క వేలు వెడల్పే తిప్పేవాణ్ణి. అంత జాగ్రత్తగా నా జీవితంలో ఏ పనీ చేయలేదు.

తొమ్మిదో రోజు పొద్దున, వాకిట్లో ఎండ పడే చోట మంచం వేసుకుని కూర్చుంది. నేను పుల్ల విప్పి చేతిలోకి తీసుకున్నాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి మెల్లగా అడిగింది.

"మీ ఇంట్లో ఎవురికీ రాలేదు గదరా ఇది."

"దేవుని దయ అక్కా."

"మీ కడవకు గుడ్డ కట్టుకుంటాండారు. సూసినాలే."

"చీమలకు."

"చీమలు బాయిలో యాడుంటాయిరా? ఆ పొద్దు చావట్లో ఆ డాక్టరు చెప్పిన గుడ్డే కదా అది?"

తల ఎత్తలేదు. వేళ్లు తిప్పుతూనే ఉన్నాను.

"ఆ గుడ్డలో ఒక పీలిక నాకు ఇచ్చింటే నీకేం పోతుండెరా?"

తెగింది. వేలికి తెలిసింది. బిగువు ఒక్కసారిగా వదులై, చిన్న ముక్క పుల్లతో నా చేతిలోకి వచ్చింది, మిగతాది మోకాటిలోకి వెళ్లిపోయింది. ఆమె చూసింది. నేను చూశాను. ఆ పుస్తకంలోని అబద్ధాన్ని కూడా నేనే నిజం చేశాను.

నెల రోజులు చీము. ప్రాణం దక్కింది, మోకాలు దక్కలేదు. కాలు వంచినది వంచినట్టే బిగుసుకుపోయింది. తర్వాత ఆమె బతికిన ఇరవై రెండేళ్లూ చేతులు ఆనించి పిరుదుల మీద జరుగుతూనే బతికింది. నోరు ఆగదన్న అక్క, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా చేతిలో పురుగు తెగిందని కూడా చెప్పలేదు. తానే నిద్రలో కాలు కదిపి తెంపుకున్నానని చెప్పింది. అందరికీ అదే చెప్పింది. నా పేరు ఆమె మోసింది. రెండేళ్ల కిందట పోయింది. ఆమె కడవ మూతికి గుడ్డ లేదు. ఇంటికి పోయి మొదట చూసింది అదే నేను. తెలిసి కూడా ఎందుకు కట్టుకోలేదు? నేను ఇస్తానని చూసిందా? కట్టుకుంటే నలుగురూ అడుగుతారని, నా గుట్టు బయటపడుతుందని మానుకుందా? అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

ఆమె కాలు పోయాకైనా మారావా అంటారు. మెట్ల మీద కూర్చోబెట్టడం మాత్రం మానేశాను. ఎందుకని అడిగినవాళ్లకు కొత్త పద్ధతి అని చెప్పి, ఇంట్లోనే తొట్టిలో కాళ్లు పెట్టించి, ఆ నీళ్లు దిబ్బలో పారబోశాను. అబద్ధంతో చేసిన మంచి అది. ఎంత మంచి? బొబ్బ మంటకు తాళలేక జనం తామే బావికి పోయి కాలు పెట్టుకునేవాళ్లు. అలా పెట్టుకోమని నేర్పింది మా ఇల్లే. వద్దని గట్టిగా చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేదు. గోడ కట్టమని ఎవరైనా మాట ఎత్తినప్పుడల్లా ఊరు నా మూడు దోసిళ్లనే గుర్తు చేసేది. ఇంత కాలం ఆ బావి తెరిచి ఉన్నది రాళ్లు, సున్నం లేక కాదు. నేను తాగాను కాబట్టి.

దానియేలుకు ఉత్తరం రాయాలని ఎన్నోసార్లు కాగితం తీశాను. నువ్వు అని మొదలుపెట్టాలో మీరు అని మొదలుపెట్టాలో తేలలేదు. ఇరవై ఏళ్లకు పైగా తేలలేదు. పోయిన ఏడు అతను నంద్యాల దగ్గర పోయాడని పాళెంలో ఏడుపులు వినబడ్డాయి. మా వాకిలి దాటి నేను అవతలికి పోలేదు.

ఇప్పుడు జిల్లా బోర్డువాళ్లు వచ్చి మా బావి మెట్లు మూసేశారు. గోడ కట్టారు, గిలక పెట్టారు. ఎవరినీ అడగలేదు, సర్కారు ఉత్తర్వని కట్టేశారు. పోయిన వారం మొదటి చేద తోడటానికి ఊరు నన్ను పిలిచింది. నా చేతి చలవ అట. అప్పటి రెడ్డిగారి కొడుకు స్వయంగా వచ్చి పిలిచాడు. టెంకాయ కొట్టారు. చేద పైకి వచ్చింది. నేను కొత్త కడవ మూతికి నా గుడ్డ కట్టాను, అందరి ముందూ కట్టాను. ఆ పొద్దు డాక్టరు చెప్పింది నిజమని, నాకు ముందే తెలుసని, ఇన్నేళ్లూ నేను వడకట్టుకుని తాగానని చెప్పాను. నాకు కూడా పురుగు వచ్చిందని పెట్టెలోంచి తెచ్చిన పుల్ల చూపించాను.

ఎవరూ నమ్మలేదు.

"నువ్వు మూడు దోసిళ్లు తాగింది మా నాయన కండ్లారా సూసినాడప్పా. నీకేం కాల్యా" అన్నాడు రెడ్డిగారి కొడుకు. ఎన్ని వందల పురుగులు తీశావో, ఇది ఎవరిదో నీకేం గుర్తుంటుంది అన్నారు ఇంకొకరు. అక్క పోయినప్పటి నుంచి పెద్దాయన మనసు బాగాలేదని, నన్ను చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టారు. ఒకావిడ తన మనవడిని తెచ్చి నా ఒళ్లో పెట్టి కాళ్లు తడమమంది. నేను తాగి చూపించిన అబద్ధాన్ని నమ్మారు. విప్పి చూపించిన నిజాన్ని జాలిగా చూసి పక్కన పెట్టారు.

అందుకని రాస్తున్నాను. ఆ పుల్ల ఇప్పుడు నా ముందు ఉంది. ఎండి, గట్టిపడి, పాత దారంలా ఉంది పురుగు. కొస నుంచి కొస వరకు ఒక్కచోట తెగలేదు. మంగళ్లు తెంపుతారని రాసిన దొర ఎవరో ఆయన వచ్చి చూసుకోవచ్చు. ఆ మాట మీద నాకు ఇంకా కోపమే. పోదు. కానీ మిగతా పుస్తకమంతా నిజం. నేను నా చేత్తో గ్లాసు పట్టి చూశాను, నిజమని తెలుసుకున్నాను, నా కడవ ఒక్కదానికే గుడ్డ కట్టుకున్నాను. నమ్మితే నమ్మండి, మానితే మానండి. చెప్పడం అయింది. రొమ్ము మీద కూర్చున్నది కొంచెం జరిగింది.

అక్క అడిగినదానికి ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇంతకాలం చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నా పేరు పోతుండె, అక్కా. అంతే పోతుండె.